బుచ్చి సత్రంలో ఒక రాత్రి

నెల్లూరులో పెన్న వంతెన దాటి పడమటి దిక్కుకు సాగే బాటను ఆ ప్రాంతంవారు ముంబయి రోడ్డు అంటారు. ఆ బాటమీద ఆమడన్నర దూరాన ఉన్నది బుచ్చిరెడ్డిపాలెం. చుట్టుపక్కలవారికి వట్టి బుచ్చి. నేడు బస్సెక్కి కునుకు తీసేలోపల చేరే ఊరు. అటువంటి ఊళ్లో రాత్రి మకాం ఎందుకని మా మిత్రులు నవ్వినారు. కాని ఎద్దుబండి నడిచిన కాలంలో ఆ ఆమడన్నరయే ఒక దినపు ప్రయాణం. పొద్దు వాలేసరికి బండివాడు ఎడ్లను విప్పి, నీరు చూపి, తలదాచుకొనే చోటు వెదకుకొనేవాడు. ఆ మజిలీ రుచి కొంతైనా తెలుసుకొందామని మేము వెళ్లినాము.

దారి కన్నులపండువగా ఉన్నది. రెండు ప్రక్కలా వరిమళ్లు, వాటి నడుమ కాలువలు, గట్లమీద తాళ్లు. ఈ పచ్చదనం వానదేవుని దయ ఒక్కటే కాదు. పెన్నకు నెల్లూరువద్ద 1855లో ఆనకట్ట కట్టినారు; అదే శతాబ్ది చివర సంగంవద్ద మరొకటి వచ్చినది. ఆ నీరే బుచ్చికి చేరువనున్న కనిగిరి రిజర్వాయరు నింపి పొలాలకు పారినది. ఆ రెండు చోట్లా 2022లో క్రొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. నెల్లూరు మొలగొలుకుల పేరు దేశమంతా ప్రాకినదంటే ఆ కీర్తిలో సగం ఈ కాలువలది.

ఊరు చేరేసరికి కోదండరామస్వామి గాలిగోపురంమీద ఎండ పసుపువన్నెకు తిరిగినది. దొడ్లవారి వంశం కట్టించిన కోవెల అది. మేము దిగిన సత్రం గుడికి కొంత ఎడంగా, పాత వీథిలో ఉన్నది. వీథివైపు నిడుపాటి అరుగులు, లోపల మండువా, కొయ్య స్తంభాలు, పెరట్లో గిలక బావి. వంటయింటి గోడలు పొగకు నల్లబారి నున్నగా మెరుస్తున్నవి. మంచాలు లేవు. చాప ఒకటి, చెంబు ఒకటి మాకు దక్కినవి.

“భోజనమైనదా అయ్యా? లేకుంటే బజారు మూసేలోపల పోయి రండి” అన్నాడు తాళాలు చూచే పెద్దాయన. పేరూ ఊరూ అడుగకముందు ఆకలిని గూర్చి అడిగినాడు! ఆ వరుస మాకు నచ్చినది.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణంనుంచి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. తిరుగు ప్రయాణంలో మన తీరం వెంబడి నెల్లూరుమీదుగా వచ్చినారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి తెలుసు: ఏ మజిలీకి ఆ మజిలీ సత్రమున్నదా, నీరు మంచిదా, అంగళ్లలో ఏమి దొరుకుతుంది అన్నదే ఆయన చూపు. పల్లకిలో పోయే మనిషికి కూడ సంధ్యవేళ కావలసినవి ఇవే గదా.

సత్రం గొప్పతనాన్ని పొగడుతూ ఇంకా కొంత చెప్పి ఉందుము. కాని ఆ రాత్రి మండువాలో కూర్చుండగా పెద్దాయన చెప్పిన మాట మమ్ము ఆపినది. వారి తాత సముద్రతీరంనుంచి ఉప్పుబండ్లు తోలుకొని మెట్టసీమకు పోయేవాడట. బుచ్చిలో ఎన్నో రాత్రులు ఆగినాడు. ఒక్క రాత్రియైనా ఈ గడప దాటలేదు. బండిక్రింద పడుకొనేవాడు. బావి నీరు ఎవరైనా తోడి పోస్తేనే త్రాగేవాడు. “ఇప్పుడు తాళంచెవి నా మొలలో ఉన్నదయ్యా” అని నవ్వినాడాయన. ఆ నవ్వు ఎటువంటిదో మాకు నేటికీ తేలలేదు. బాటసారులందరికీ అని మనం చెప్పుకొనే సత్రాలలో పెక్కింటికి, అందరూ అన్న మాటలో అందరూ ఇమడలేదు.

దాతలు సత్రం పేర వ్రాసిన మాన్యాలు పరుల పాలు కాకుండా చూచుటకు మద్రాసు ప్రభుత్వం 1817లోనే ఏడవ రెగ్యులేషను చేసినది. అందులో దేవాలయాలతోబాటు సత్రాల ప్రసక్తి ఉన్నది. మన రాష్ట్రంలో దేవాదాయ ధర్మాదాయ చట్టం 1987 నాటిది. చట్టాలు ఉన్నవి. అయినా మేము దిగిన ఇంటి కప్పు రెండు చోట్ల కారుతున్నది. దానిని పడగొట్టి అంగళ్లు కట్టవలెనని మాటలు సాగుతున్నవట. అంగడికి నెలనెలా అద్దె వస్తుంది. అరుగుమీద పడుకొన్నవాడు ఏమిస్తాడు?

ఆ రాత్రి అరుగుమీద పడుకొన్నవారు ఏడుగురు. కోతలకు వచ్చిన కూలీలు నలుగురు. బెలూన్లమ్మే కుర్రవాడు ఒకడు. జొన్నవాడకు పోవలసిన తల్లీకూతుళ్లు ఇద్దరు. పెన్న ఒడ్డున కామాక్షమ్మ సన్నిధిలో నిద్ర చేస్తే మనోవ్యాధి తీరునని ఈ సీమవారి నమ్మకం. కూతురు ఎవరితోనూ మాటాడలేదు. బస్సు తప్పిపోయి చీకటి పడగా, ఎవరో ఈ గుమ్మం చూపినారట. తల్లి అరుగు అంచున తాను పడుకొని బిడ్డను గోడవైపు పడుకోబెట్టినది. పెద్దాయన వీథిదీపం వెలుగు బిడ్డ ముఖాన పడకుండా పాత తడిక ఒకటి తెచ్చి నిలబెట్టినాడు.

తెల్లవారకముందే గిలక చప్పుడుకు మెలకువ వచ్చినది. తల్లీకూతుళ్లు అప్పటికే ముఖాలు కడుగుకొని, మూట కట్టుకొని సిద్ధంగా ఉన్నారు. తల్లి కొంగుముడి విప్పి పది రూపాయల నోటు చాచినది. “ఇది పుచ్చుకొనే చోటు కాదమ్మా, పొద్దెక్కకముందే పోయి రండి” అని పెద్దాయన తడికను మడచి గోడకు చేరవేసినాడు.