ఉద్యోగం పోయినప్పుడు వినబడే మాటలు



మన ఊళ్ళో పని పోతే ఒకటే మాట, "తీసేశారు". ఇక్కడ ఐర్లండ్‌లో దానికి నాలుగైదు మాటలున్నాయి. ఏ మాట అన్నారన్న దాన్నిబట్టే మన డబ్బులూ, పర్మిటూ.

పోయినేడు మా సైట్లో ఒక తమ్ముడితో "వీ హావ్ టు లెట్ యూ గో" అన్నారు. ఈరోజుకి ఇంటికి పొమ్మన్నారనుకొని, థాంక్యూ చెప్పి వెళ్ళాడు. తెల్లారి హెల్మెట్టూ, అన్నం డబ్బాతో మళ్ళీ గేటు దగ్గరికొచ్చాడు. సూపర్‌వైజర్లం మేమన్నా సరిగ్గా చెప్పామా? "కొన్నాళ్ళాగు, పిలుస్తారులే" అని మెత్తగా అన్నాం. ఆ తప్పు మాదే. అందుకే ఇవాళ ఈ నాలుగు మాటలు.

లేఆఫ్ అంటే ప్రస్తుతానికి పని లేదు, ఉద్యోగం మాత్రం ఉంది. అది వరసగా 4 వారాలు సాగితే, లేదా 13 వారాల్లో 6 వారాలైతే, ఆర్‌పీ 9 ఫారం ఇచ్చి రిడండెన్సీ అడగొచ్చు.

రిడండెన్సీ అంటే మన తప్పేం లేదు, ఆ పనే లేకుండా పోయింది. వరసగా 104 వారాలు చేసినవాళ్ళకి ఏడాదికి రెండు వారాల జీతం, ఆపైన ఇంకో వారం జీతం వస్తుంది. వారానికి 600 యూరోలు మించి లెక్కగట్టరు.

డిస్మిసల్ అంటే మనల్ని తీసేయడం. అన్యాయంగా తీసేశారనిపిస్తే, మామూలుగా ఏడాది సర్వీసు ఉన్నవాళ్ళు 6 నెలల్లోపు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేసుకోవాలి.

"పీ 45 ఇచ్చారు" అన్నా పని పోయిందనే అర్థం. ఆ కాగితం 2019 జనవరి నుంచి లేదు, మాట మాత్రం మిగిలింది.

"రిజైన్" అని ఉన్న కాగితం మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టొద్దు. మనంతట మనమే మానేసినట్టవుతుంది.

పర్మిట్ మీద ఉన్నవాళ్ళు రిడండెన్సీ అయిన 4 వారాల్లోపు పర్మిట్లిచ్చే శాఖకి తెలియజేయాలి. అప్పుడు కొత్త పని వెతుక్కోడానికి 6 నెలలు గడువుంటుంది. మా తమ్ముడు ఆఫీసు చుట్టూ తిరిగి, మూడో వారంలో రిడండెన్సీ అని రాసిన కాగితం తెచ్చుకున్నాడు. ఇంకో వారం మా మాట నమ్మి కూర్చునుంటే ఏమయ్యేదో!

కాబట్టి ఆ రోజొస్తే భయపడకుండా ఒక్క మాట అడగండి: "లేఆఫా, రిడండెన్సీయా? ప్లీజ్ గివ్ ఇట్ ఇన్ రైటింగ్." ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, కాగితం మాత్రం చేతికి రావాలి.