పేరు నిలుపుకొను యత్నము

మన ఇండ్లలో ఆబ్దికము పెట్టునాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము. ఆపైవారి పేర్లు తడుముకొనక చెప్పగలవారు కొలదిమంది. యూదులలోను ఇటువంటి ఆచార మొకటి కలదు. వారును చాంద్రమాన పంచాంగమును బట్టియే పెద్దల మరణతిథిని లెక్కించుకొందురు. వారికి దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును గనుక, ఆ సాయంకాలమున దీపము వెలిగించి మరునాటి సాయంకాలము వరకు ఆరకుండ చూతురు.

కాని తిథియే తెలియని మృతుల మాట ఏమి? రెండవ ప్రపంచయుద్ధ కాలమున నాజీలు సుమారు 60 లక్షలమంది యూదులను వధించిరి. కొన్ని కుటుంబములు సమూలముగా పోయినవి. ఫలానావా డొకడు ఉండెనని చెప్పుటకైనను మనిషి మిగులలేదు. అందుచేత వారిలో వంశావళిని వెదకుట ఘనులైన పూర్వుల కొరకు చేయు ముచ్చట కాదు.

1953లో ఇజ్రాయెల్ పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి జెరూసలేములో 'యాద్ వషేం' అను సంస్థ ఏర్పడినది. బైబిలులోని యెషయా గ్రంథమునుండి గ్రహించిన ఆ మాటకు 'స్మారకము, నామము' అని అర్థము. హతులైన ప్రతియొక్కరికిని ఒక సాక్ష్యపత్రము వ్రాయించి భద్రపరచుట ఆ సంస్థ చేపట్టిన కార్యములలో ఒకటి. అందులో పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, వృత్తి వ్రాసి, వ్రాసినవారు తమకు మృతునితో గల సంబంధమును తెలిపి సంతకము చేయుదురు. ఈ పత్రముల వలనను ఇతర జాబితాల వలనను దాదాపు 50 లక్షల పేర్లు సమకూడినవి. తక్కిన పేర్లు ఏ ముసలమ్మ నోటనో ఉండవచ్చును, ఎక్కడను లేకపోవచ్చును.

వెనుకటి తరములను వెదకువారికి మొదట అడ్డువచ్చునది ఇంటిపేరు. తూర్పు ఐరోపాలో చాలమంది యూదులకు ఒకప్పుడు స్థిరమైన ఇంటిపేర్లు లేవు. ఫలానావాని కుమారుడు ఫలానా అనియే వాడుక. పన్నులు వసూలు చేయుటకును సైన్యములో చేర్చుకొనుటకును ప్రభుత్వములకు అది చాలలేదు. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లోను, రష్యా ప్రభుత్వము 1804లోను, ప్రష్యా 1812లోను ఇంటిపేర్లు పెట్టుకొనవలెనని ఉత్తరువులు చేసిరి. అంతకు పూర్వపు కాలములో ఇంటిపేరు పట్టుకొని పోయినచో దారి దొరకదు.

అచ్చట సమాధిశిల ఆదుకొనును. మృతుని పేరుతోబాటు తండ్రి పేరును హీబ్రూలో చెక్కుట వారి సంప్రదాయము గనుక, ఒక్క రాతితో ఒక తరము పైకి పోవచ్చును. రాతిపై ఆశీర్వదించు రెండు చేతుల బొమ్మ యున్నచో పురోహిత వంశమనియు, నీటికూజా యున్నచో లేవీయులనియు గ్రహింతురు. ఇంకొక ఆధారము చూడుడు. ఐరోపాలోని అష్కెనాజీ యూదులు సాధారణముగా బిడ్డకు గతించినవారి పేరే పెట్టుదురు. అన్నదమ్ముల బిడ్డలలో నలుగురైదుగురికి ఒకే కాలమున ఒకే పేరు కనబడినచో, ఆ పేరుగల తాత అంతకు కొంచెము ముందే కాలధర్మము చేసియుండునని ఊహింతురు. తాత చూచుచుండగనే మనుమనికి ఆయన పేరు పెట్టు సెఫార్డీ యూదులలో ఈ లెక్క చెల్లదు. ఊళ్ల పేర్లు వేరొక చిక్కు. లెంబర్గు, ల్వూఫ్, ల్వోవ్, ల్వీవ్ అను నాలుగును ఒకే నగరము. రాజ్యము మారినప్పుడెల్ల పేరును మారినది.

ఇంటి పెద్దలు చెప్పునదెల్ల నిజమేనా యని శ్రోతలు అడుగవచ్చును. కాదు. న్యూయార్కు రేవులో గుమాస్తా మా పేరు మార్చివేసెనని అమెరికాలోని యూద కుటుంబములు అనేకము చెప్పుకొనును. రేవు గుమాస్తాలు ఓడ బయలుదేరిన చోట వ్రాసిన ప్రయాణికుల జాబితాను ముందుంచుకొనియే పని చేసిరి. పేర్లను పిమ్మట తామే మార్చుకొన్నవారే ఎక్కువ. అయినను ఆ కథను విన్నది విన్నట్లే వ్రాసికొనవలెనని మా అభిప్రాయము. పేరు మార్చుకొనుట ఆ ఇంటివారికి ఎట్లుండెనో ఏ రిజిస్టరును చెప్పదు గదా!

రిజిస్టర్లు కొంతకాలము ఆగగలవు. మనుష్యు లాగలేరు. 1945లో ఒడిలోని బిడ్డలుగా నున్నవారు కూడ నేడు ఎనుబదేండ్లు దాటినవారే. బ్రతికి బయటపడినవారు తమతమ ఊళ్ల జ్ఞాపకములను కూర్చి, యిద్దిష్, హీబ్రూ భాషలలో వందలకొలది గ్రంథములు వెలయించిరి. మనుమలలో చాలమందికి యిద్దిష్ రాదు. 1987లో అమెరికాలో ఆరంభమైన 'జ్యూయిష్‌జెన్' సంస్థ వాటిని ఇంగ్లీషులోనికి అనువదింపించుచున్నది.

అడుగుటలోను నేర్పు కావలెను. వారు ఎట్లు చనిపోయిరని మొదటనే అడిగినచో, ఏండ్లతరబడి మౌనముగా నున్న వృద్ధులు నోరు విప్పరు. విప్పవలెనని పట్టుబట్టు హక్కు మనుమలకు లేదు. శుక్రవారము సాయంకాలము అమ్మ ఏమి వండెడిది, బడికి ఏ వీధిని పోయెడివారు, పొరుగింట ఎవరుండిరి అని అడుగవలెను. వంట ప్రసంగములో ఒక పినతల్లి పేరు వచ్చును, ఆమె వెంబడి ఆమె బిడ్డలు వత్తురు. పాత ఫొటో యున్నచో చేతికిచ్చి ఊరకుండుట మేలు. వారు చెప్పిన పేర్లను, నిలుచున్న వరుసలోనే, ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో అప్పుడే వ్రాయవలెను. సిరా ముందువైపునకు ఊరును.