సముద్రపు తొట్టెలో సున్నం లెక్క

(సంఘ సర్వసభ్య సమావేశంలో విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భృతి బకాయిల మీద చర్చ జరగవలసిన సభలో ఈయన చేపల తొట్టె సంగతి ఎత్తాడేమిటని కొందరు గుసగుసలాడుకోవడం వినిపించింది. తప్పు నాది కాదు, కార్యదర్శిగారిది. మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. ఆరేసి నెలలు వెళ్ళి వస్తున్నాం. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతారు, మనవలు బడికి పోతారు. ఇంట్లో మిగిలేది మనమూ, హాల్లో వెలుగుతున్న సముద్రపు తొట్టె. "నాన్నా, ఈ సీసాలోది రోజూ ఒక మూత పొయ్యండి" అని చెప్పి వాళ్ళు కారెక్కుతారు. మన సభ్యులొకరు ఈ మధ్యే అలా వెళ్ళి వచ్చారు. సీసా మీద రాసిన ప్రకారం ఒక్కరోజు తప్పకుండా కాల్షియం పోశారట. పరీక్ష చేస్తే లీటరుకు 480 మిల్లీగ్రాములు చూపిస్తోంది. అయినా పగడాలు అడుగునుంచి తెల్లబడుతూ వచ్చాయి. మనవరాలు ఏడ్చింది. "మేస్టారూ, కాల్షియం నిండుగా ఉన్నా ఎందుకిలా అయింది?" అని నన్నడిగారు. ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే.

మనం చిన్నప్పుడు భూగోళంలో ప్రవాళ భిత్తికలు అని చదువుకున్నాం. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. అది చిన్న జీవి. సముద్రపు నీటిలోంచి సున్నం తీసుకుని తనకు తానే ఇల్లు కట్టుకుంటుంది. ఆ ఇల్లు కాల్షియం కార్బొనేటు. పేరులోనే సంగతంతా ఉంది, కాల్షియం ఒకటి, కార్బొనేటు రెండోది. ఇటుకలు లారీలకొద్దీ దింపించి సిమెంటు తెప్పించకపోతే గోడ లేవదు కదా! ఆ రెండో సరుకును నీటిలో కొలిచే కొలతనే క్షారత్వం అంటాం.

మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 410 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. క్షారత్వం తొట్టెల వాళ్ళు వాడే జర్మన్ డిగ్రీల్లో సుమారు 7. పగడం 20 మిల్లీగ్రాముల కాల్షియం వాడుకున్నప్పుడల్లా క్షారత్వం 2.8 డిగ్రీలు దిగుతుంది. లెక్క వేసి చూడండి. కాల్షియం 412 నుంచి 372కు దిగిందనుకుందాం. పదోవంతు కూడా పోలేదు. కానీ ఆ పాటికి క్షారత్వం 5.6 డిగ్రీలు ఖర్చయిపోయింది, అంటే దాదాపు ఖాళీ. మన భాషలో చెప్పాలంటే కాల్షియం ఫిక్సెడ్ డిపాజిట్టు, క్షారత్వం చేతిఖర్చు డబ్బు. ఇల్లు గడవడం ఆగేది డిపాజిట్టు తగ్గి కాదు, చేతిలో పైసలు లేక.

మన మిత్రుడి సీసాలో ఉన్నది కాల్షియం క్లోరైడు. దానివల్ల కాల్షియం పెరుగుతుంది గాని క్షారత్వం పెరగదు. పగడాలు రోజూ క్షారత్వాన్ని తింటూనే ఉన్నాయి, ఎవరూ భర్తీ చేయలేదు. నేనడిగితే ఆ రెండో పరీక్ష చేసినట్టు ఆయనకు గుర్తు లేదు. తర్వాత అబ్బాయి చేసి చూస్తే 5 కన్నా తక్కువ వచ్చిందట.

దీనికి మందు వంటింట్లోనే ఉంది, వంటసోడా. రెండు వందల లీటర్ల తొట్టెలో 2.8 డిగ్రీలు పెంచాలంటే సుమారు 17 గ్రాములు చాలు. అంతా ఒక్కపూట గుమ్మరించకూడదు. మంచినీటిలో కరిగించి, రెండు మూడు రోజులకు పంచి, నీరు కదిలే చోట పోయాలి. అంతే నీటిలో కాల్షియం 20 పెంచడానికి నీరు చేరిన కాల్షియం క్లోరైడు, అంటే డైహైడ్రేటు, 15 గ్రాములు పడుతుంది. ఈ రెండు ద్రావణాలనూ ఒక గిన్నెలో కలిపితే పాలలా తెల్లగా విరిగిపోతుంది. అది అవక్షేపం. డబ్బూ పోయింది, సరుకూ పోయింది. వేళ మార్చి పోయాలి.

రెండూ ఒకేసారి, సరైన పాళ్ళలో ఇచ్చే వస్తువొకటి మన పూర్వులకు బాగా తెలుసు. సున్నపు తేట! సంక్రాంతికి గోడలకు కొట్టిన సున్నం, తాంబూలంలో రాసుకున్న గుల్ల సున్నం ఆ కోవవే. సముద్రపు గుల్లలను బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లితే పొంగి విరిగిన పొడి అది. గుల్ల కట్టిన జీవి దాచుకున్న సున్నాన్నే మళ్ళీ నీళ్ళల్లో కరిగించి మరో జీవికి ఇస్తున్నామన్నమాట. లీటరు నీటిలో గ్రామున్నర మాత్రమే కరుగుతుంది. అడుగున పేరుకున్నది వదిలేసి పైతేట వాడాలి. లీటరు తేట రెండు వందల లీటర్ల తొట్టెలో కాల్షియాన్ని 4, క్షారత్వాన్ని అర డిగ్రీ పైన పెంచుతుంది. ఆవిరైపోయిన నీటికి బదులుగా, రాత్రిపూట, చుక్కలు చుక్కలుగా వదలాలి. రాత్రే ఎందుకంటే, దీపం ఆరాక తొట్టెలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని పీహెచ్ దిగుతుంది. సున్నపు తేట పీహెచ్ 12 పైమాటే గనుక రెండూ సరిపోతాయి. చేతులు కడుక్కోండి, కంటికి దూరంగా ఉంచండి. మూత తీసి ఉంచితే పైన పెచ్చు కడుతుంది. గొట్టంతో ఊదితే సున్నపు తేట తెల్లబడే బడి ప్రయోగం గుర్తుందా? అదే ఇక్కడా జరుగుతుంది. అయితే బజారు సున్నం తొట్టెకు వాడవద్దు, ఇసుకా మట్టీ అన్నీ ఉంటాయి. శుద్ధమైన ప్రయోగశాల రకం కావాలి.

ఇంత చేసినా రెండూ నిలవకపోతే మెగ్నీషియం చూడాలి. సముద్రపు నీటిలో అది 1300 దరిదాపుల్లో ఉంటుంది. కాల్షియం కార్బొనేటు తనంతట తాను అవక్షేపంగా దిగిపోకుండా ఆపేది అదే. అది తగ్గితే మీరు పోసిన సున్నం పగడానికి అందక హీటరుకూ మోటారుకూ పెచ్చులు పెచ్చులుగా అంటుకుంటుంది.

ఇక మన తీరం మాట. కళింగపట్నం నుంచో భోగాపురం నుంచో నాలుగు డబ్బాల నీళ్ళు తెచ్చి ఇంట్లో తొట్టె పెట్టవచ్చా అని ఒకరడిగారు. శంఖు పురుగులకూ, చిన్న చేపలకూ పెట్టవచ్చు. కానీ వర్షాకాలం చివర నాగావళి, వంశధారలే కాదు, ఉత్తరాన మహానది, గంగ మోసుకొచ్చిన మంచినీరు కూడా మన తీరం వెంట దిగుతుంది. లవణీయత 35 ఉండవలసినది 28కి పడితే కాల్షియం కూడా ఆ నిష్పత్తిలోనే 330కి పడుతుంది. అప్పుడు మందులు పోయడం దండగ, ముందు ఉప్పు సరిచేయాలి. మన దగ్గర పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి కూడా ఈ నదుల మంచినీరూ ఒండ్రూ ముఖ్య కారణాలు. అవి చూడాలంటే మన్నారు సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో పోవాలి.

రొయ్యల చెరువులున్న బంధువులు మనలో చాలామందికి ఉన్నారు. వారికీ ఈ లెక్క పనికొస్తుంది. కుబుసం విడిచిన రొయ్య పెంకు గట్టిపడడానికి కాల్షియాన్ని ఎక్కువగా నీటిలోంచే తీసుకుంటుంది. ఒక తేడా గమనించండి. ల్యాబు చీటీలో కాల్షియం కాఠిన్యం 1030 అని ఉంటే అది కాల్షియం కార్బొనేటుగా లెక్కగట్టినది. రెండున్నరతో భాగించండి, 412 వస్తుంది. ఈ చిన్న భాగహారం తెలియక చెరువు గట్టు మీద వాదులాడుకున్నవాళ్ళను చూశాను.

విదేశాలకు వెళ్ళేవారికి ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. గట్టి పగడాలన్నిటినీ 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అవి దేశం దాటాలన్నా అనుమతి పత్రం కావాలి. కోడలు ప్రేమగా ఇచ్చినా, బీచిలో దొరికినా, చచ్చిన ముక్కే అయినా సూట్‌కేసులో పెట్టుకోకండి. పరీక్షల పద్ధతి చూడాలనుకునేవారికి భోజనాల తర్వాత ఆ మూల బల్ల మీద చేసి చూపిస్తాను, గాజు గొట్టాలు తెచ్చాను. సెలవు.