మన ఆడపిల్లల సైన్సు చదువుకు తోడెవరు?



సవర, జాతాపు, గదబ, కొండదొర – మనం ఎవరిమైనా పదో తరగతి ఫలితాలు వచ్చాక మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పిల్లని ఒక్కదాన్నీ అంత దూరం ఎలా పంపుతాం?" మార్కులు వచ్చినా, లెక్కలంటే ఇష్టం ఉన్నా ఎంపీసీ, బైపీసీ చదువులు ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాయి. పెద్దల భయాన్ని మేం తప్పు పట్టడం లేదు. దానికి జవాబు ఉందని చెప్పడానికే నిలబడ్డాం.

ఈ భయం మన కొండలకే పరిమితం కాదు. అయ్యలసోమయాజుల లలిత మద్రాసులోని తెలుగింటి అమ్మాయి. 15 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకే భర్త పోయాడు, ఒళ్లో నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆచార్యుడైన తండ్రి పప్పు సుబ్బారావు గారు, పైవాళ్లను ఒప్పించి ఆమెను అక్కడే చేర్పించారు. అంతమంది అబ్బాయిల మధ్య ఆమె ఒక్కతే. తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు అమ్మాయిలు చేరారు. ముగ్గురూ ఒకరికొకరు తోడుగా చదివి ఇంజనీర్లయ్యారు. లలిత 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరయ్యారు.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగితే లలిత వెళ్లొచ్చారు. తర్వాత లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. మన దేశంలో భారత మహిళా శాస్త్రవేత్తల సంఘం 1973లో ముంబైలో మొదలైంది. ఇలాంటి సంఘాలు చేసే అసలు పని ఒక్కటే: ఒంటరిగా ఉన్నవారికి తోడివ్వడం.

ఇప్పుడు మనకు అందుబాటులో ఉన్నవి చూద్దాం. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 'విజ్ఞాన్ జ్యోతి' కార్యక్రమం 9 నుంచి 12 తరగతుల ఆడపిల్లల కోసం. ప్రయోగశాలలు చూపిస్తారు, మహిళా శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు, తల్లిదండ్రులకూ నచ్చజెబుతారు. ఇది నవోదయ విద్యాలయాల ద్వారా నడుస్తుంది. మనకు దగ్గర్లో వెన్నెలవలస, కిల్తంపాలెం నవోదయాలున్నాయి. అక్కడికి వెళ్లి అడగండి. ఎచ్చెర్లలోని శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువు, హాస్టల్ అక్కడే. ఏఐసీటీఈ 'ప్రగతి' స్కాలర్‌షిప్ కింద డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే అమ్మాయికి ఏడాదికి 50,000 రూపాయలు. ఒక ఇంట్లో ఇద్దరి వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది.

ఇన్ని ఉన్నా కబురు కొండెక్కడం లేదు. ఎక్కినా, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, కుల ధ్రువపత్రంలో మరోలా ఉండి దరఖాస్తు వెనక్కొస్తోంది. గడువు తేదీ దాటిపోతోంది. అందుకే మన సంఘం యువతను మేం మూడు పనులు అడుగుతున్నాం.

ఒకటి: తొమ్మిదో తరగతిలోనే ఆడపిల్లల కాగితాలన్నీ ఒకసారి సరిచూడండి. పేర్లు కలవకపోతే వేసవి సెలవుల్లోనే దిద్దించండి.

రెండు: పక్క పక్క ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒకే కాలేజీకి, ఒకే హాస్టల్‌కి పంపేలా ఇళ్లవాళ్లతో మాట్లాడండి.

మూడు: ఇప్పటికే నర్సింగు, పాలిటెక్నిక్, బీటెక్ చదువుతున్న మన అక్కలు ఒక్కొక్కరు ఒక చెల్లిని చూసుకోండి. నెలకోసారి ఫోను చేసి పలకరించినా చాలు.

ఫిబ్రవరి 11 సైన్సులో మహిళల, బాలికల అంతర్జాతీయ దినం. ఆ రోజుకు మన ప్రతి ఊరి నుంచి సైన్సు చదవాలనుకునే ఆడపిల్లల పేర్ల జాబితా సంఘం చేతికి రావాలి. ఒక్క పేరున్నా పంపండి. ఆ పేరుకు తోడు వెతికే పూచీ మాది.