తీగ ముందు, యంత్రము తరువాత

(విశాఖపట్టణము జిల్లాలోని ఒక గ్రామ గ్రంథాలయమున చేసిన ప్రసంగ పాఠము)



విశాఖపట్టణపు రేవును చూడనివారు మీలో అరుదు. 1933వ సంవత్సరమున తెరువబడిన ఆ లోపలి రేవునకు పోవలెనన్న, యారాడ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువ గుండానే పోవలెను. ఎంత గొప్ప ఓడయైనను ఆ కాలువలో పట్టనిచో లోపలికి రాజాలదు. అందుచేత ఓడల యజమానులు ముందు కాలువ లోతును, వెడల్పును విచారించి, ఆ పిమ్మటనే ఓడను పంపుదురు. ఇంటికి మొదటి ల్యాప్‌టాప్ తెచ్చుకొను మనము మాత్రము ముందు ఓడను కొని, తరువాత కాలువను వెదకుచున్నాము.

ఈ పొరపాటు ప్రజలది మాత్రమే యనుట న్యాయము కాదు. మేమును ఊరూరా తిరిగి, పిల్లలకు కంప్యూటరు నేర్పింపుడని చెప్పితిమే గాని, ఆ కంప్యూటరునకు ఇంటర్నెట్టు ఏ దారిని వచ్చునో చెప్పలేదు. ఒక సభలో ఒక పెద్దాయన లేచి, "ఆ పెట్టెలోనే ఇంటర్నెట్టు ఉండదా బాబూ?" అని అడిగిన దినమున గాని మా ప్రసంగములోని లోపము మాకు తెలియలేదు. ఆయన అడిగినది సబబైన ప్రశ్న. ఫోను కొని సిమ్ వేసినచో ఇంటర్నెట్టు వచ్చుచున్నది గదా! కాని సాధారణముగా మనము కొను ల్యాప్‌టాప్‌లలో సిమ్ పెట్టు చోటే ఉండదు. దానికి వెలుపలినుండి దారి చూపవలెను. ఆ దారి ఇంటికి వచ్చు తీగ కావచ్చును, లేదా మీ ఫోనే కావచ్చును.

మేము చూచిన ఒక ఇంటి సంగతి చెప్పెదము. తండ్రి గాజువాక వైపు కాంట్రాక్టు పనికి పోవును. కుమార్తె డిగ్రీ చదువుచున్నది. చీటీ పాడి, వచ్చిన సొమ్ముతో ల్యాప్‌టాప్ కొనిరి. ఇల్లు కొండ చాటున నున్నది. వీధికి తీగ రాలేదు. తండ్రి ఫోనులోని ఇంటర్నెట్టునే ఆ యంత్రమునకు కలిపి ఆ బిడ్డ చదువుకొనుచుండెను. ఫోనుకు దినమునకింత అని లెక్క గట్టిన డేటా మాత్రమే ఉన్నది. ఒకనాడు తెల్లవారునప్పటికే ఆనాటి డేటా అంతయు అయిపోయినది. మరునాడును అంతే. తండ్రికి అనుమానము కలిగినది. రాత్రులు సినిమాలు చూచుచున్నదని కోపగించి, ఫోను ఇచ్చుట మానివేసెను. "నేనేమీ చూడలేదు నాన్నా" అని ఆ పిల్ల ఎంత చెప్పినను వినలేదు. పరీక్ష దరఖాస్తు గడువు మరి రెండు దినములే ఉన్నది.

ఆ దినములలో మేము వేరొక పని మీద ఆ వీధికి పోయితిమి. యంత్రములోని లెక్క తెరచి చూచితిమి. ఏ పనికి ఎంత డేటా ఖర్చైనదో విండోస్ తానే వ్రాసియుంచును. దానిని చూడగా, ఖర్చైనదంతయు యంత్రము తన్ను తాను సరిదిద్దుకొనుటకు దిగుమతి చేసికొనిన అప్‌డేట్‌లదే. ఆ పిల్ల నిద్రించుచుండగా అది పని చేసికొనినది. తండ్రి కొంతసేపు మాటలాడలేదు. "అయితే ఇది అడుగకుండగానే తినునా?" అని మాత్రము అడిగెను. తినును. తీగ ఉన్న ఇంట ఆ తిండి ఎవరికిని తెలియదు. లెక్క గట్టిన డేటా ఉన్న ఇంట కాపురములో కలత తెచ్చును. దానికి ఉపాయము లేకపోలేదు. విండోస్ సెట్టింగులలో మీరు కలుపుకొనిన వై-ఫై పేరును తెరచినచో "మీటర్డ్ కనెక్షన్" అను మీట కనిపించును. దానిని నొక్కినచో చాల అప్‌డేట్‌లు ఆగి, లెక్కలేని తీగ దొరకు దినము కొరకు వేచియుండును. అట్టి దినము నెలకొకటియైనను చూపవలెను. అప్‌డేట్‌లు బొత్తిగా లేని యంత్రము తలుపు గడియ లేని ఇల్లు వంటిది. దరఖాస్తు మరునాడే పంపబడినది.

కావున తీగ మాట ముందు. మన రాష్ట్రమున ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడినది. వెండ్రుక వంటి గాజు తీగను భూమిలో పాతక, కరెంటు స్తంభముల మీదుగా ఊరూరికి లాగుట దాని పద్ధతి. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకమును ప్రారంభించునప్పుడు నెలకు 149 రూపాయల ధర ప్రకటింపబడినది. అది ఆనాటి మాట. నేటి ధరను మీ ఊరి కేబుల్ నడుపువారిని అడుగుడు. ఇతర సంస్థల తీగలును కలవు. మీ వీధిలో ఏది నిజముగా నడచుచున్నదో చెప్పవలసినది ప్రకటన కాదు, మీ ప్రక్క ఇంటివారు. "వానకు ఎన్ని దినములు ఆగును? ఫిర్యాదు చేసిన ఎవరు వత్తురు?" అను రెండు ప్రశ్నలు చాలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన స్తంభములను ఎట్లు నేల కూల్చెనో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. స్తంభము పడిన తీగయు పడును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెట్టుదుమనియు, సముద్రగర్భ తీగలను మన తీరమునకు చేర్చుదుమనియు ప్రకటించినది. సంతోషమే. కాని తీరమునకు వచ్చిన తీగ మీ వీధికి వచ్చినట్లు కాదు.

వేగమును గూర్చి ఒక లెక్క. ప్రభుత్వము 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు సెకనుకు కనీసము 2 మెగాబిట్లు ఉండవలెనని నిర్ణయించినది. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, ఆ వేగమున ఒక మెగాబైటు వచ్చుటకు 4 సెకనులు పట్టును. 600 మెగాబైట్ల పాఠము వచ్చుటకు 40 నిమిషములు. అదే 15 మెగాబిట్ల తీగ మీద 5 నిమిషములకు పైచిలుకు. పిల్లలకు పాఠములు కావలెనా, దరఖాస్తులు మాత్రమేనా అనుదానిని బట్టి నిర్ణయించుకొనుడు.

తీగ లేనిచోట ఫోనే గతి. అప్పుడు బల్ల వేయదలచిన గదిలోనే, తెలిసినవారి వద్దనుండి వేరువేరు సంస్థల ఫోనులు తెచ్చి, ఉదయమొకసారి, రాత్రి ఎనిమిది గంటల తరువాత నొకసారి పరీక్షింపుడు. రాత్రివేళ ఊరంతయు ఫోనులు పట్టుకొనును గనుక ఆ పరీక్షయే అసలైనది. ఇనుప రేకుల ఇంటిలో సిగ్నలు లోపలికి రాదు. ఉక్కు నగరపు బిడ్డలమైన మనకు ఇదియొక చిక్కు. కిటికీ వద్ద ఫోనునుంచి, యు.ఎస్.బి. తీగతో ల్యాప్‌టాప్‌నకు కలిపినచో వై-ఫై కన్న నిలకడగా నడచును, ఫోనునకు ఛార్జియు ఎక్కును.

ఇక యంత్రము. కొత్తదైనచో 8 జి.బి. ర్యామ్, 256 జి.బి. ఎస్.ఎస్.డి. చూచుకొనుడు, విద్యార్థికిని, చిన్న వ్యాపారికిని అది చాలును. విండోస్ 11నకు 4 జి.బి. ర్యామ్ కనీసమని దాని తయారీదార్లు చెప్పుదురు. ఆ కనీసము ప్రాణము నిలుపు గంజి వంటిదే గాని, పొలము దున్నుటకు బలమిచ్చు కూడు కాదు. పైపూత మెరుపునకును, ఆటల కొరకైన ఖరీదు భాగములకును సొమ్ము పోయకుడు.

పాతది కొనువారు మిక్కిలి జాగరూకులై యుండవలెను. కంపెనీలు వాడి వదలిన ల్యాప్‌టాప్‌లు నగరములో చౌకగా దొరకుచున్నవి. వానిలో మంచివి కలవు, మేమును ఒకటి వాడుచున్నాము. అయితే విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తో సాధారణ రక్షణ ముగిసినది. ఇంటెల్ యంత్రమైనచో ఎనిమిదవ తరమునకు ముందుదానికి విండోస్ 11 అధికారికముగా ఎక్కదు. దుకాణదారుడు ఎక్కించి చూపినను, "ఏ తరము?" అని అడుగుడు. అంతకు పాతదైనను చేతికి వచ్చినచో పారవేయనక్కరలేదు. ఉబుంటు వంటి ఉచితమైన లినక్సు దానిలో నడచును, తెలుగు వ్రాత కూడ వచ్చును.

దుకాణములో సిగ్గుపడకుడు. అక్కడి కుర్రవాడు ఇంగ్లీషు మాటలు గడగడ చెప్పినంత మాత్రమున మీరు తల ఊపవలసిన పని లేదు. సొమ్ము చెల్లింపకముందే మీ ఫోనులోని హాట్‌స్పాట్ తెరచి, ఆ యంత్రమును దానికి కలిపి, ఒక పాఠమును నడపి చూడుడు. ఛార్జరు తీసి అరగంట ఉంచి, బ్యాటరీ ఎంత తగ్గినదో చూడుడు. ప్రతి మీటను నొక్కుడు. కెమెరాను, మైకును పరీక్షింపుడు. బిల్లు మీద యంత్రపు సీరియల్ నంబరు వ్రాయించుకొనుడు. అది లేని బిల్లు తరువాత అక్కరకు రాదు. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఇంటికి తీగ వచ్చినవారికి కలుపుట సులభము. గోడకు బిగించిన పెట్టెకు కరెంటు కావలెను. కరెంటు పోయినచో ఇంటర్నెట్టును పోవును గనుక, రౌటరునకు సరిపోవు చిన్న బ్యాటరీ ఒకటి ఉంచుకొనుట మేలు. పెట్టెపై రెండు వై-ఫై పేర్లు కనిపించినచో, 2.4 అని యున్నది గోడలు దాటి దూరము పోవును. 5 అని యున్నది దగ్గరనే గాని వేగముగా పని చేయును. అమర్చువాడు పెట్టిన సంకేత పదమును ఆనాడే మార్చి, ఇంటి పద్దుల పుస్తకములో వ్రాసికొనుడు. మీ కంప్యూటరునకు వైరస్ పట్టినదని ఎవరైన ఫోను చేసినచో పెట్టివేయుడు. సొమ్మే పోయినచో ఆలసింపక 1930నకు చెప్పుడు.

భీమిలి వైపు సముద్రపు ఉప్పుగాలి, రేవు పరిసరములలో బొగ్గుపొడి ఉండును గదా. వాడనప్పుడు యంత్రమును గుడ్డసంచిలో నుంచుడు. పరుపు మీద పెట్టి వాడకుడు; అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనిపోయి వేడెక్కును.

ఫోనులు తెచ్చినవారు ఇప్పుడు ఈ భవనపు నాలుగు మూలలకును పోయి, ఏ సంస్థ సిగ్నలు ఎచ్చట ఎంత వేగముగా నున్నదో చూచి వచ్చి, ఈ నల్లబల్ల మీద వ్రాయవలెనని కోరుచున్నాము. ఎనిమిది దాటినది గనుక వేళయు సరియైనదే.