ముట్టుకోని నకలు

ప్రాచీన సమాధుల గోడచిత్రాలకు వరద, ఉప్పు, బూజు శత్రువులని వింటూ వచ్చాం. నకలు తీసినవాళ్లను కూడా ఆ వరుసలో చేర్చాలనీ, ఛాయాగ్రహణ చరిత్రను అక్కడి నుంచే చదవాలనీ నా వాదన. 1817లో అన్వేషకుడు బెల్జోనీ ఈజిప్టు రాజుల లోయలో మొదటి సేతి సమాధిని కనుగొని, రంగులద్దిన శిల్పాల మీద మైనంతో అచ్చులు తీయించాడు. తరవాతి పండితులు తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, ఆరాక ఊడదీశారు. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజీ తీసే తీరుకు ఇది దగ్గరిదే. వట్టి రాతికి దానివల్ల పెద్ద నష్టం లేదు. ఇక్కడ మాత్రం కాగితంతో పాటు రంగూ లేచి వచ్చింది. అలా చేసినవాళ్లంతా ఆ చిత్రాలను ప్రేమించినవాళ్లే! సమాధి కాకపోయినా నాటి నిజాం రాజ్యంలోని అజంతాదీ ఇదే కథ: స్పష్టంగా కనబడాలని పూసిన వార్నిష్, కాపాడాలని పూసిన లక్క రెండూ పసుపెక్కి బొమ్మల్ని కప్పేశాయి. పురావస్తు పరిశోధకుడు గులాం యాజ్దానీ 1930 నుంచి వెలువరించిన అజంతా సంపుటాలకు ఛాయాచిత్రాలనే ఆధారం చేసుకోవడం అందుకే నాకు ముఖ్యమనిపిస్తుంది.

1922లో బయటపడ్డ టుటంఖామన్ సమాధిని ఛాయాగ్రాహకుడు హ్యారీ బర్టన్ గాజు పలకల మీద చిత్రించాడు. అక్కడి గోడల నిండా గోధుమరంగు మచ్చలున్నాయి. యాత్రికుల ఊపిరి తేమకు అవి పెరుగుతున్నాయేమోనన్న భయం చాలాకాలం ఉండేది. 2009లో పని మొదలుపెట్టిన గెట్టీ సంస్థ నిపుణులు బర్టన్ చిత్రాలను నేటి గోడలతో పోల్చి చూస్తే మచ్చలు పెరగలేదని తేలింది; వాటికి కారణమైన సూక్ష్మజీవులు ఎప్పుడో చచ్చిపోయాయి. మచ్చలు రంగు పొరలోకి దిగిపోయాయి కనక వాటిని తొలగించే ప్రయత్నమే చేయలేదు. బర్టన్ తీసింది తవ్వకాల నమోదు కోసం. మచ్చల సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. చేత్తో గీసే చిత్రకారుడైతే వాటిని మురికిగా ఎంచి వదిలేసేవాడు. తనకు అక్కర్లేనిదాన్ని కూడా పట్టుకోవడమే కెమెరా గొప్పతనం.

కెమెరాకు అర్థం చేసుకునే కన్ను లేదని ఆక్షేపిస్తారు. నిజమే. అందుకే 1924 నుంచి లక్సర్‌లో పనిచేస్తున్న షికాగో విశ్వవిద్యాలయ బృందం ఛాయాచిత్రపు ప్రతి మీద గీతలు గీసి, గోడ ఎదుటే నిలబడి సరిచూస్తుంది. పెన్సిలు మొన తగిలేది కాగితానికి, గోడకు కాదు. దీపాల వేడి, సిబ్బంది ఊపిరి కూడా హానే కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: కొలిచిన వెలుతురులో, రంగుల పట్టీ పక్కన పెట్టి, మళ్లీ రానక్కర్లేనంత వివరంగా ఒక్కసారే తీయాలి. ఫాక్టమ్ ఆర్టే సంస్థ 2009లో టుటంఖామన్ సమాధిని స్కాన్ చేసి తీసుకున్న కొలతలతో తయారైన ప్రతిరూప సమాధి 2014లో, అసలుదాన్ని కనుగొన్న కార్టర్ ఇంటి దగ్గర తెరుచుకుంది. అయినా అసలు సమాధికి టిక్కెట్లు అమ్ముతూనే ఉన్నారు. ఆ నిర్ణయం కెమెరా చేతిలోది కాదు. నాకు అంతకన్నా పెద్ద దిగులు వేరే ఉంది. బర్టన్ గాజు పలకను వెలుతురుకెత్తి పట్టుకుంటే చాలు, బొమ్మ కనబడుతుంది. స్కానింగు ఫైళ్లను మాత్రం సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా కొత్త రూపంలోకి మార్చుకుంటూ పోవాలి. ఆ ఖర్చును కూడా సంరక్షణ పద్దులోనే రాయాలి.