మన కన్ను - కనబడని నష్టం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఫైళ్లు చూసినవాణ్ణి. కంటి చలవ వల్లే నాలుగు మెతుకులు తిన్నవాణ్ణి గనుక, దాన్ని గురించి చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు మనవి చేస్తాను.

కనుగుడ్డు అడ్డకొలత సుమారు 24 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కొంచెం తక్కువ. దాని ముందు భాగాన గడియారానికి అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దీనిలో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురుకు అడ్డం వచ్చేవి. లోపలికి వచ్చే కిరణాలను వంచే పనిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు కార్నియాయే చేస్తుంది. దాని వెనుక రంగు తెర ఐరిస్. మధ్యలోని రంధ్రం కనుపాప. ఎండలో కనుపాప ముడుచుకుంటుంది, చీకట్లో విప్పారుతుంది. మన వయసులో అంతగా విప్పారదు. రాత్రి లేచినప్పుడు చిన్న దీపం ఉండాలనేది అందుకే.

కనుపాప వెనుక ఉన్నది కటకం. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఇది ఉబ్బాలి. నలభై దాటాక బిరుసెక్కి సరిగా ఉబ్బదు. మనం పేపరును చేయి చాచి చదవడం మొదలుపెట్టింది అప్పుడే. వయసు మీరిన కొద్దీ ఆ కటకమే మసకబారితే దాన్ని శుక్లం అంటారు. పూర్వం శుక్లం ముదిరే దాకా ఆగి, తీయించుకుని, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకునేవారు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారిగా కంటిలోనే కృత్రిమ కటకం అమర్చారు. యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని సహించడం ఆయన గమనించారట. ఇవాళ శుక్లం ముదిరే దాకా ఆగనక్కరలేదు. పోయిన చూపు చాలామందికి తిరిగి వస్తుంది.

కంటి వెనుక గోడకు అంటుకుని ఉన్నది రెటీనా. దాని మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు సుమారు 12 కోట్లు, రంగులను, సన్నని అక్షరాలను పోల్చే శంకు కణాలు సుమారు 60 లక్షలు అందులో ఉన్నాయి. అవి పట్టిన సమాచారాన్ని పది లక్షల పోగులున్న దృష్టినాడి మెదడుకు చేరవేస్తుంది. మన ఆఫీసు భాషలో కన్ను ఇన్‌వర్డు సెక్షను. వచ్చిన తపాలు అందుకుని పైకి పంపుతుంది. ఆర్డరు వేసే అధికారి మెదడు.

ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. ఎడమ కన్ను మూయండి. చేతులు ముందుకు చాచి బొటనవేళ్లు రెండూ పక్కపక్కన నిలబెట్టండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ కుడిచేతిని మెల్లగా కుడివైపు జరపండి. ఇంచుమించు జానెడు దూరంలో ఆ వేలి కొస మాయమవుతుంది. ఇంకా జరిపితే మళ్లీ వస్తుంది. దృష్టినాడి బయటికి వెళ్లే చోట చూసే కణాలు లేవు. దాన్ని అంధచుక్క అంటారు.

ఇన్నేళ్లుగా ఈ ఖాళీ మనకెందుకు తెలియలేదు? ఒక కన్ను వదిలేసింది రెండో కన్ను చూస్తుంది. ఒక్క కన్నే తెరిచినా, చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఈ సర్దుబాటే మన వయసులో ముప్పు తెస్తుంది.

కంటి ముందు భాగంలో ఎప్పటికప్పుడు ఒక ద్రవం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి సరిగా లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి దృష్టినాడి పోగులు దెబ్బతింటాయి. దీన్నే నీటికాసులు అంటారు. సాధారణంగా నొప్పి ఉండదు. మొదట పక్క చూపు పోతుంది. మధ్య చూపు చివరిదాకా ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు.

నాతో ఒకే సెక్షనులో పనిచేసిన మిత్రుడొకరు రిటైరయ్యాక గుమ్మాలకు భుజం తగిలించుకునేవారు. పేపరు మాత్రం శుభ్రంగా చదివేవారు. వయసు మీద పడింది అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఒకనాడు రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వస్తున్న సైకిలు కనబడలేదు. తుంటి ఎముక విరిగింది. తర్వాత పరీక్షిస్తే ఒక కంటి నాడి చాలావరకు, రెండో కంటిది సగం దెబ్బతిన్నదన్నారు. చుక్కల మందుతో మిగిలిన చూపు నిలబడింది. ఆయన ఇవాళ్టికీ పేపరు చదువుతారు. మనుమడి చేయి పట్టుకోనిదే వీధిలోకి రారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. అద్దాల షాపులో అక్షరాలు చదివి వచ్చినంత మాత్రాన కళ్లు బాగున్నాయనుకోకండి. ఏడాదికోసారి కంటి ఒత్తిడి కొలిపించుకోండి. ఒత్తిడి మామూలుగా ఉన్నా నాడి దెబ్బతినే అవకాశం ఉంది గనుక దాన్నీ చూడమని అడగండి. షుగరు ఉన్నవారు రెటీనా కూడా చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి. వేసిన చుక్కల మందును డాక్టరు చెప్పనిదే మానకండి.

బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ నెలలోనే కళ్లకూ ఒక పరీక్ష పెట్టుకుంటే తేదీ మరచిపోయే పని ఉండదు.